జామెట్రీ బాక్సు పువ్వుతో కానుక పెట్టె: వెనీరు పొదగడం ఎలా?

స్కూల్లో కాంపాసు చేతికొచ్చిన రోజు అందరం చేసిన పని ఒకటే. ఒక వృత్తం గీసి, కొలత మార్చకుండా ఆ వృత్తం మీదే ముల్లు గుచ్చుకుంటూ చాపాలు గీసుకుంటూ పోతే ఆరు రేకుల పువ్వు పడుతుంది. లెక్కల నోటుబుక్కు వెనక పేజీల నిండా అవే పువ్వులు. ఇప్పుడు ఆ పువ్వునే వెనీరులో, అంటే పలచటి చెక్క పొరల్లో, కోసి, మూత మీద పొదిగి, ఒక చిన్న పెట్టె చేద్దాం. పొడవు 160, వెడల్పు 110, ఎత్తు 70 మి.మీ. గాజులో, జూకాలో, పసుపు కుంకుమలో పెట్టుకోవడానికి సరిపోతుంది.

పెద్ద మెషీన్లు అక్కర్లేదు. నేను చేసేది అపార్టుమెంటు బాల్కనీలో, ఇస్త్రీ బల్ల పక్కన. శని, ఆదివారాలు కూర్చుంటే నాలుగు వారాలు పడుతుంది. అందులో సగం జిగురు ఆరేదాకా చూస్తూ కూర్చోవడమే. కాబట్టి పెళ్లి ఇంకో వారం ఉందనగా మొదలుపెట్టకండి.

నా మొదటి పెట్టె అక్క గృహప్రవేశానికి ఇచ్చాను. డిసెంబరులో అందరూ మెచ్చుకున్నారు. మే నెలలో అక్క ఫోను చేసి, "ఒరేయ్, నీ పెట్టె మూత అప్పడంలా లేచిందిరా" అంది. మూత పైన మాత్రమే వెనీరు అంటించి లోపలి వైపు ఉత్తగా వదిలేశాను, అదీ సంగతి. జిగురు తడికి ఉబ్బిన పొర ఆరుతూ ముడుచుకుంటుంది. ఎండాకాలం గాలిలో తేమ తగ్గితే ఇంకాస్త ముడుచుకుంటుంది. ఒక్క వైపే లాగేది ఉంటే పలక అటే వంగుతుంది. రెండు వైపులా పొర ఉంటే ఎటూ కదలదు. ఆ మూత ఇప్పుడు అక్క వాళ్ల ఫ్రిజ్ మీద తాళాలు పెట్టుకునే పళ్లెంగా పనికొస్తోంది.

ఆ తర్వాత ఇంకో నాలుగైదు పెట్టెలు పాడు చేశాక నాకు అర్థమైంది ఇది: కోత కాస్త వంకరైతే సర్దుకోవచ్చు, పనుల వరస తప్పితే సర్దుకోలేం. అందుకే నేనిప్పుడు పువ్వున్న మూత పలకను విడిగా చేస్తాను. పెట్టెను మూతతో సహా అన్ని వైపులా మూసేసి కడతాను. పక్కలకు పొర అంటించాక, ఆఖర్న రంపంతో కోసి మూతను వేరు చేస్తాను. ఏ రోజు తప్పు చేస్తే ఆ రోజు పని ఒక్కటే పోతుంది.

కొనాల్సినవి

వెనీరు దగ్గరే మొదటి తికమక. ప్లైవుడ్ షాపులో వెనీర్ అని అడిగితే 3, 4 మి.మీ. ప్లై మీద ముందే అంటించిన పెద్ద షీటు చూపిస్తారు. అది అల్మారాలకు. మన కత్తికి తెగదు. "రా వెనీర్" అని అడగండి. వెనక ఏమీ లేకుండా అర మిల్లీమీటరు మందంలో ఉండే పొర అది. మనకు కావాల్సింది చిన్న ముక్కలే కాబట్టి శాంపిల్ ముక్కలు, ఇంటీరియర్ పని జరిగే చోట మిగిలిన చివరలు అడిగి చూడండి. చాలామంది ఊరికే ఇచ్చేస్తారు.

రంగులు మూడు చాలు. నేను నేపథ్యానికీ పక్కలకూ వాల్‌నట్, మూడు రేకులకు తెల్లటి మేపుల్, మూడు రేకులకు టేకు వాడతాను. ముదురు నేపథ్యం మీద లేత రేకులు ఉంటే చిన్న చిన్న సందులు కంటికి ఆనవు. లేత నేపథ్యం మీద ముదురు పువ్వు పెడితే ప్రతి తప్పూ గీత గీసినట్టు కనిపిస్తుంది. మొదటి పెట్టెకు ఆ సాహసం వద్దు. లోపలి వైపు పొరకు ఏ చవక రకమైనా సరే, మందం మాత్రం పై పొరంతే ఉండాలి.

ఇరుగుడు, అంటే రోజ్‌వుడ్, చూడ్డానికి ఎంత బాగున్నా పెట్టె అమెరికాలో ఉన్న బంధువులకు వెళ్లేదైతే దాన్ని వదిలేయండి. 2017 నుంచి ఆ జాతి చెట్లన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నాయి. విమానాశ్రయంలో కానుకకు సంజాయిషీ చెప్పుకోవడం ఎందుకు?

పెట్టె ఒంటికి ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక) మంచిది. సాపుగా ఉంటుంది, రుతువు మారితే చెక్కలా సాగదు, కుంచించదు. గోడలకు 9 మి.మీ., పైకీ కిందకీ 6 మి.మీ., లోపలి అస్తరు గోడలకు 3 మి.మీ. మందం తీసుకోండి. షాపులోనే కోయించుకుంటే సగం శ్రమ తప్పుతుంది:

- పొడుగు గోడలు 2: 160 × 58 మి.మీ.
- పొట్టి గోడలు 2: 92 × 58 మి.మీ.
- పై పలక, కింది పలక: 170 × 120 మి.మీ. చొప్పున (తర్వాత 160 × 110కి తగ్గిస్తాం)

దీని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కోసినా గీకినా మూతికి మాస్కు ఉండాలి, పని బయటి గాలిలో జరగాలి.

కత్తి సంగతి. స్టేషనరీ కట్టరు పనికిరాదని కాదు గానీ, సర్జికల్ సామాన్ల దుకాణంలో దొరికే 3వ నంబరు పిడి, 11వ నంబరు బ్లేడు ఒక్కసారి వాడితే మళ్లీ కట్టరు ముట్టుకోరు. మొన సూదిలా ఉంటుంది. ఒక పువ్వుకు మూడు నాలుగు బ్లేడ్లు అవుతాయి. వాడినవాటిని మందు సీసాలో వేసి మూత బిగించండి, చెత్తబుట్టలో పడేయకండి.

మిగతావి: స్టీలు స్కేలు, మూలమట్టం, కాంపాసు, నాలుగు జి-క్లాంపులు (మర తిప్పి బిగించే పట్లు), ఫెవికాల్, మాస్కింగ్ టేపు, 120, 180, 220, 400 నంబర్ల గరుకు కాగితం, సన్న పళ్ల రంపం (అంగుళానికి 24 పళ్లుండే హాక్సా బ్లేడయినా సరే), ఇస్త్రీ పెట్టె, బెల్టుకు కన్నాలు వేసే పంచ్. వంటింట్లోంచి ఒక గుండ్రటి స్టీలు డబ్బా మూత కూడా తెచ్చుకోండి. అంచు పదునుగా కాకుండా, నిటారుగా ఉన్నది. అడ్డంగా కొలిస్తే 80 మి.మీ. దగ్గర్లో ఉండాలి. అది దేనికో ఇప్పుడు చెప్తాను.

పువ్వు కోయడం

గీసిన చాపం వెంట కత్తిని చేత్తో నడిపించడం కష్టం. చేయి ఎక్కడో ఒకచోట తడబడుతుంది. ఈ పువ్వులో సుగుణం ఏమిటంటే ఇందులోని ప్రతి చాపం ఒకే వృత్తపు ముక్క. అంటే ఆ స్టీలు డబ్బా మూత ఒక్కటే చాలు, పువ్వు మొత్తం దాని అంచు వెంటే కోయొచ్చు. మూతను అడ్డంగా కొలిచి, అందులో సగానికి కాంపాసు సర్దండి. 80 మి.మీ. మూతకు 40 అన్నమాట. అప్పుడు రేక పొడవు 40, మధ్యలో వెడల్పు దాదాపు 10.7 మి.మీ. వస్తుంది.

వాల్‌నట్ పొరను 180 × 130 మి.మీ. ముక్కగా కోసుకోండి. పొర అలలు అలలుగా ఉంటే నీళ్లు సన్నగా చల్లి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. న్యూస్‌పేపరు వాడితే ఆ సిరా పొరకు అంటుకుంటుంది. మధ్యలో కేంద్రం గుర్తుపెట్టి, వృత్తం గీసి, ఆరు కొనలూ గుర్తించండి. తర్వాత ఆ ఏడు చోట్లా గుండుసూదితో గుచ్చండి. పెన్సిలు గీతలు టేపు కింద పోతాయి, సూది గుచ్చు పోదు.

ఒక రేక కోయడానికి మూతను ఎలా పెట్టాలి? కేంద్రం, ఆ రేక కొన, ఒక కొన వదిలి దాని తర్వాతి కొన, ఈ మూడు గుచ్చులనూ మూత అంచు ఒకేసారి తాకాలి. మూడూ తాకితే చోటు సరైనదే. కోసేది మాత్రం కేంద్రం నుంచి రేక కొన దాకానే. రెండో చాపానికి మూతను అవతలి వైపుకు జరిపి మళ్లీ అదే పని. మూత రెండుసార్లూ రేక మీదే ఉంటుంది, నేపథ్యం బయట ఉంటుంది. మూత జారకుండా దాని కింద గరుకు కాగితం ముక్క ఒకటి అంటించుకోండి. ఇది చేయకపోతే మూడో రేక దగ్గర తప్పకుండా జారుతుంది.

ఒక్క గాటుకే తెగాలని నొక్కకండి. మొదటి గాటు దారి చూపడానికి, రెండోది లోతుకు, మూడోదో నాలుగోదో తెగడానికి. కొన దగ్గర కత్తిని ఆపి, ఎత్తి, కొన నుంచి వెనక్కి కోయండి. కొన దాటి పోయిన గాటు పాలిష్ చేశాక వెంట్రుకలా కనిపిస్తుంది. ఎడమచేయి ఎప్పుడూ కత్తికి వెనకే ఉండాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఉత్సాహంలో ఆరు రేకుల కిటికీలూ, అంటే నేపథ్యంలో రేకులు కూర్చునే ఖాళీలు, ఒకేసారి కోసేస్తారు. అప్పుడు కేంద్రం దగ్గర రేకుకూ రేకుకూ మధ్య మిగిలిన వాల్‌నట్ సూదిమొనలా అయి, ఊదితే విరుగుతుంది. ఒక కిటికీ కోయండి, నింపండి, టేపు వేయండి. తర్వాత దానికి ఎదుటిది. ఆ తర్వాత మిగిలినవి ఒక్కొక్కటి. పాత రేక టేపుతో గట్టిగా ఉంటుంది కాబట్టి కొత్త కోతకు ఆసరా అవుతుంది. టేపు మీద నుంచే కోసుకుపోవచ్చు.

నింపేది ఇలా. కిటికీ కింద మేపుల్ ముక్క పెట్టి, చెక్క చార (పొరలో కనిపించే నారల గీతలు) రేక పొడవు వెంట కేంద్రం నుంచి కొన వైపు ఉండేలా తిప్పండి. ఇది అలంకారానికి మాత్రమే కాదు. ఆరు రేకుల చారలూ ఆరు దిక్కులకు పోతే, పాలిష్ చేశాక పెట్టెను వెలుతురులో తిప్పినప్పుడు ఒక్కో రేకా ఒక్కో కోణంలో మెరుస్తుంది. అన్నీ ఒకే చారతో పెడితే స్టిక్కరు అంటించినట్టు ఉంటుంది. ముక్క కదలకుండా వెనక టేపుతో పట్టించి, కిటికీ అంచు వెంట కత్తి మొనతో గీయండి. తీసి, ఆ గీత మీదే మూత సాయంతో పూర్తిగా కోయండి. కిటికీలో పెట్టి చూస్తే కాస్త బిగువుగా కూర్చోవాలి. పెద్దదైతే అంచును 220 కాగితంతో రెండుసార్లు రుద్దండి. వదులైతే ఆ రేకను పారేసి ఇంకోటి కోయండి. రేకకు పట్టేది పది నిమిషాలు, సందు మాత్రం ఎప్పటికీ ఉండిపోతుంది. కూర్చున్నాక పై వైపు నుంచి టేపు వేసి, వెనక టేపు తీసేయండి. టేపు ఎప్పుడూ పై ముఖానికే, జిగురు కింది ముఖానికే. ఈ ఒక్కటీ తారుమారు చేయొద్దు.

రేకులకు నీడ కావాలనుకుంటే మూకుడులో సన్నటి పొడి ఇసుక రెండు వేళ్ల లోతు పోసి సన్న సెగ మీద పెట్టండి. కోసిన రేకను పట్టకారుతో పట్టుకుని ఒక అంచు మాత్రం ఇసుకలో అయిదారు సెకన్లు ముంచి తీస్తే ఆ అంచు బిస్కెట్ రంగుకు తిరుగుతుంది, లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. అన్ని రేకులకూ కుడి అంచే కాల్చితే పువ్వు గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. ముందు చెత్త ముక్కల మీద చేయి తిరగనివ్వండి. వేడికి రేక కాస్త ముడుచుకుంటుంది, తడి వేలితో ఒకసారి తాకితే సర్దుకుంటుంది.

ఆరు కొనలూ కేంద్రంలో కలిసే చోట ఎంత జాగ్రత్తగా కోసినా కొంచెం గజిబిజి మిగులుతుంది. ఉండనివ్వండి. బెల్టు పంచ్‌తో అక్కడ 6 మి.మీ. కన్నం కొట్టి, అదే పంచ్‌తో నల్లటి పొరలోంచి ఒక చుక్క కొట్టి అందులో కూర్చోబెడితే ముగ్గులో చుక్కలా అన్ని తప్పులనూ మింగేస్తుంది.

నల్లటి పొర కొనక్కర్లేదు. కరక్కాయ పొడి రెండు చెంచాలు గ్లాసు వేడినీళ్లలో వేసి, అందులో ఏ లేత వెనీరు ముక్కయినా రాత్రంతా నానబెట్టి ఆరనివ్వండి. వేరే సీసాలో మామూలు ఇనుప మేకులు వెనిగర్‌లో నాలుగు రోజులు ఉంచండి. సీసా మూత బిగించొద్దు, లోపల గ్యాసు పుడుతుంది. ఆరిన ముక్క మీద ఆ ఇనుప నీళ్లు కుంచెతో రాస్తే కళ్ల ముందే నల్లబడుతుంది. పాత్రలు తోమే స్టీలు పీచు తుప్పు పట్టదు కాబట్టి దీనికి పనికిరాదు. ఇది నా కనిపెట్టుడేమీ కాదు, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల నలుపు రహస్యమే. వాళ్లు బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీస్తారు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది, చెక్క మీద కూడా అలాగే పడుతుంది. పసుపుతో పచ్చరంగు కూడా వేశాను ఒకసారి. ఆరు నెలల్లో వెలిసిపోయింది.

పలకకు అంటించడం

170 × 120 పలక, కింద చవక పొర, పైన పువ్వు పొర. రెండు ముఖాలకూ ఒకేసారి జిగురు పడాలి. అప్పడం కథ గుర్తుంది కదా.

జిగురును పలకకే రాయండి, పొరకు కాదు. పొరకు రాస్తే తడికి చుట్టచుట్టుకుపోతుంది. పాత ఏటీఎం కార్డుతో పలచగా, ఎక్కడా పొడి చోటు లేకుండా లాగండి. ఎక్కువైతే సందుల్లోంచి పైకి ఉబికి మరకవుతుంది, తక్కువైతే బుడగలు వస్తాయి. సరిగ్గా ఉంటే పలక తడిసినట్టు మెరవాలి గానీ తెల్లగా పేరుకోకూడదు. ఎండాకాలం ఫ్యాను ఆపేసుకుని పని చేయండి, లేకపోతే రెండో ముఖానికి వచ్చేసరికి మొదటిది ఆరిపోతుంది.

ముందే 18 మి.మీ. ప్లై ముక్కలు రెండు సిద్ధంగా పెట్టుకోండి. ప్లై, పాలిథీన్ కవరు, చవక పొర, పలక, పువ్వు పొర (టేపు పైకి), మళ్లీ కవరు, నాలుగు మడతల న్యూస్‌పేపరు, ప్లై. ఇది వరస. జారకుండా అంచుల్లో రెండు చోట్ల టేపు వేసి, నాలుగు క్లాంపులనూ కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించండి. రాత్రంతా వదిలేయండి. మర్నాడు తీశాక బల్ల మీద పడుకోబెట్టకండి. రెండు వైపులా గాలి తగిలేలా గోడకు ఆనించి ఒక రోజు నిలబెట్టండి.

టేపు ఊడదీసేటప్పుడు హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేసి, చార వెంట, పొరకు దాదాపు ఆనించి వెనక్కి లాగండి. నిటారుగా పైకి లాగితే నారలు లేచి వస్తాయి. కింది పలకకూ ఇలాగే రెండు వైపులా సాదా పొర అంటించండి.

ఇప్పుడు చుక్క మధ్య నుంచి అటూ ఇటూ 80, పైకీ కిందకీ 55 కొలిచి గీతలు గీయండి. అప్పుడు పువ్వు సరిగ్గా నడిమధ్యకు వస్తుంది. గీత మీద కత్తితో గట్టిగా గాటు పెట్టి, గాటుకు బయట రంపంతో కోసి, గరుకు కాగితంతో గీత దాకా తేవాలి. గాటు లేకుండా కోస్తే అంచు పొర పెచ్చులు లేస్తుంది.

మూసేసి కట్టడం

అతుకుల గురించి భయపడకండి. పక్కల మీద పొర వస్తుంది కాబట్టి ఏ వంకర అతుకూ కనిపించదు. పొట్టి గోడలను పొడుగు గోడల మధ్య పెట్టి అంటించడమే. ఎం.డి.ఎఫ్. అంచు జిగురును స్పాంజిలా పీల్చేస్తుంది. అందుకే నీళ్లు సగం కలిపిన జిగురు ముందు ఒక పూత రాసి, పది నిమిషాలాగి, మామూలు జిగురు రాయండి. బిగించడానికి పాత సైకిలు ట్యూబును అడ్డంగా రింగుల్లా కోసుకుంటే అంతకు మించిన క్లాంపు లేదు. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి, రెండూ 194 మి.మీ. చూపిస్తే పెట్టె మూలమట్టంగా ఉన్నట్టే. తేడా ఉంటే పొడుగ్గా ఉన్న కర్ణం వెంట చేతులతో నొక్కండి.

ఆరాక కింది పలక, పై పలక అంటించి మూసేయండి. మూసేముందు లోపల గోడ మీద పెన్సిలుతో పేరు, తేదీ రాస్తాను నేను. తర్వాత అస్తరు కింద పోతుంది, ఎవరికీ కనపడదు. అయినా రాస్తాను.

పక్కలు

పక్కలకు ఇస్త్రీ పెట్టె చాలు. పొర వెనకా గోడ మీదా పలచగా ఫెవికాల్ రాసి, రెండూ చేతికి అంటనంత ఆరనివ్వండి. పొరను గోడ మీద పెట్టి, పైన కాగితం వేసి, కాటన్ సెగ మీద ఇస్త్రీ చేస్తే జిగురు కరిగి పట్టుకుంటుంది. ఆవిరి మాత్రం ఆపేయాలి. వెంటనే చెక్క ముక్కతో గట్టిగా రుద్దండి, చల్లారేదాకా. మరి పువ్వున్న మూత పలకకు కూడా ఇలాగే చేసేస్తే పోయేది కదా అంటారేమో. వేడికి పొర ముడుచుకుని రేకుల మధ్య సందులు తెరుచుకుంటాయి. సాదా పొరకు ఆ బాధ లేదు.

వాల్‌నట్ పొర 600 మి.మీ. పొడవున దొరికితే, 80 మి.మీ. వెడల్పు పట్టీగా కోసి, దాన్నే వరసగా నాలుగు ముక్కలు చేసి 1, 2, 3, 4 అని రాసుకోండి. ఆ వరసలోనే ముందు, కుడి, వెనక, ఎడమ పక్కలకు అంటిస్తే చార పెట్టె చుట్టూ తిరిగివస్తుంది, తెగేది ఒక్క మూల దగ్గరే. అంటించేటప్పుడు మాత్రం పొట్టి పక్కలు మొదట, ముందూ వెనకా తర్వాత. ముందు నుంచి చూసేవాళ్లకు అప్పుడు పొర అంచు కనపడదు. బయటకు వచ్చిన పొరను పెట్టెను బోర్లించి వెనక నుంచి కత్తితో తీసేయండి. చారకు అడ్డంగా కోసేటప్పుడు రెండు మూలల నుంచీ మధ్యకు రండి. పై నుంచి చూస్తే మూత చుట్టూ అర మిల్లీమీటరు వాల్‌నట్ గీత కనిపిస్తుంది. కావాలని వేసిన అంచులా ఉంటుంది, ఎవరైనా అడిగితే కావాలనే వేశానని చెప్పండి.

గుండె దడ వచ్చే కోత

ఇంత చేసి, బాగున్న పెట్టెను రంపంతో రెండు ముక్కలు చేయాలి. మొదటిసారి నేను రెండు రోజులు వాయిదా వేశాను. కానీ మూతనూ ఒంటినీ విడివిడిగా చేసి ఇంత కచ్చితంగా కలపడం మన వల్ల కాదు. ఇలా కోస్తే రెండూ ఒకే పెట్టె కాబట్టి వాటంతట అవే కలుస్తాయి, చార కూడా మూత నుంచి ఒంటిలోకి సాగిపోతుంది.

పై నుంచి 20 మి.మీ. కిందకు నాలుగు పక్కలా గీత గీసి, ముందు వైపు గీతకు అడ్డంగా పెన్సిలుతో బాణం గుర్తు పెట్టండి, మూతను తర్వాత తిప్పి పెట్టకుండా. గీత మీద కత్తితో రెండు మూడు సార్లు లోతుగా గాటు పెట్టండి. రంపాన్ని ఒక మూల దగ్గర మొదలుపెట్టి, కొంచెం లోపలికి పోగానే పెట్టెను తిప్పి పక్క మూల, ఇలా చుట్టూ తిరుగుతూ లోతు పెంచండి. ఒకే వైపు నుంచి చివరిదాకా కోస్తే రంపం అవతలి వైపు ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి. రెండు పక్కలు తెగాక ఆ సందులో అట్టముక్క పెట్టి టేపు వేయండి, మూత కుంగి రంపాన్ని పట్టేయకుండా.

విడిపోయాక అద్దం మీద 120 కాగితం పరిచి, మూతనూ ఒంటినీ ఒక్కొక్కటి దాని మీద గుండ్రంగా రుద్దండి. తర్వాత 220. రెండూ కలిపి పెడితే ఊగకూడదు. ఇప్పుడు కనిపించే ఎం.డి.ఎఫ్. అంచుల మీద 10 మి.మీ. వెడల్పు వాల్‌నట్ పట్టీలు ఇస్త్రీ చేసి, మిగిలింది కోసేయండి. రంపం ఒక మిల్లీమీటరు తింటే, పైనొక పొర, కిందొక పొర కలిపి ఒక మిల్లీమీటరు తిరిగొస్తుంది. చార చక్కగా కలవడానికి అదీ ఒక కారణం.

అస్తరు

మడత బందులు వేయక్కర్లేదు. చిన్న పెట్టెకు బందులు బిగించడం పువ్వు కోయడం కన్నా కష్టం. బదులుగా 3 మి.మీ. పలకతో లోపల నాలుగు గోడలు నిలబెట్టి, ఒంటి అంచు కన్నా 5 మి.మీ. పైకి రానిస్తే మూత వాటి మీద కూర్చుంటుంది. ఎత్తు లెక్క ప్రకారం 48 మి.మీ. దగ్గర వస్తుంది, అయినా మీ పెట్టెలో పెట్టి చూసే కోయండి. గోడలకు బట్ట చుట్టాలి కాబట్టి ఆ మందం ముందే లెక్కలోకి తీసుకోవాలి. పై అంచును గుండ్రంగా రుద్దితే మూత సులువుగా దిగుతుంది.

బట్టకు నా సలహా: కానుక అందుకునేవాళ్ల ఇంట్లో చిరిగిన పట్టుచీర ఏదైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. అమ్మమ్మ చీర అంచు ముక్క లోపల కనిపించినప్పుడు పైన మీరు అంత కష్టపడి కోసిన పువ్వును ఎవరూ చూడరు. దానికి సిద్ధపడండి.

పాలిష్

రుద్దుడు సంగతి ముందు. పొర అర మిల్లీమీటరే. 180తో మొదలుపెట్టి 220తో ఆపండి, గరుకు కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి, మూలల దగ్గర చేయి తేలికగా. అంచులో కింది పలక గోధుమరంగు తేలిందంటే పొర అయిపోయినట్టే, ఇక దాన్ని వెనక్కి తేలేం. వాల్‌నట్ పొడి మేపుల్ రేకుల్లో ఇరుక్కుని వాటిని మురికిగా చేస్తుంది. అందుకే రుద్దకముందే పలచటి లక్క పూత ఒకటి వేసి ఆరనివ్వండి. పాత వడ్రంగులు గాజు పెంకుతో గీకడం మీరు చూసే ఉంటారు. పొడి రాకుండా సాపు చేయడానికి అది మంచి పద్ధతే, చేయి తిరిగాక.

లక్క రేకులు 30 గ్రాములు, స్పిరిట్ 200 మి.లీ. గాజు సీసాలో వేసి, అప్పుడప్పుడూ కదుపుతూ ఒక రోజు ఉంచి, పలచటి బట్టలో వడకట్టండి. దగ్గర్లో స్టవ్వు, అగరుబత్తి ఏవీ ఉండకూడదు. దూదిని పాత బనీను గుడ్డలో ఉండలా కట్టి, లక్కలో అద్ది, చార వెంట ఒకే దిశలో లాగండి. వెళ్లిన చోటికే వెంటనే మళ్లీ వెళ్లొద్దు, అంటుకుని గుడ్డ నారలు మిగులుతాయి. గంటకో పూత, మూడు పూతలకోసారి 400 కాగితంతో మెల్లగా. ఆరేడు పూతలకు రేకులు లోపలి నుంచి వెలుగుతున్నట్టు అవుతాయి. వానాకాలం ముసురు పట్టిన రోజు వేస్తే పూత పాలలా తెల్లబడుతుంది, ఎండ వచ్చేదాకా ఆగండి. ఆఖర్న తేనెమైనం కొంచెం రాసి గుడ్డతో తుడిస్తే సరి.

రోజూ డ్రెస్సింగ్ టేబుల్ మీద వాడే పెట్టెకు లక్క బదులు మెలమైన్ పాలిష్ వేయించడమే మేలు. లక్క మీద సెంటు చుక్క పడినా, శానిటైజర్ చేత్తో పట్టుకున్నా మరకే. అందుకే నేను పెట్టెలో ఒక చీటీ పెట్టి ఇస్తాను: కాఫీ గ్లాసు దీని మీద పెట్టొద్దు, కిటికీ పక్కన ఎండలో ఉంచొద్దు, కుంకుమ వేసుకోవాలంటే చిన్న స్టీలు గిన్నెలో వేసి ఆ గిన్నెను లోపల పెట్టుకోండి, తుడవాలంటే పొడిగుడ్డే.